మా ఫ్రీజర్‌లో మేనేజర్ గారి కాగితాలు

మేనేజర్ గారు పోయారని ఆయన మేనల్లుడు ఇంగ్లండ్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఇక్కడి ఆసుపత్రిలో నిద్రలోనే పోయారట. కరోనా కాదు, గుండె. నేను అడగకముందే అతను ఆ మాట చెప్పేశాడు. ఆ రోజుల్లో ఎవరు పోయినా అందరూ ముందు అదే అడిగేవాళ్ళు.

జర్మనీలో, ఎర్లాంగెన్‌లో మా పై అంతస్తు ఆయనది. ఇంగ్లీషు మనిషి, నాటకశాలలు నడిపినవారు. వేషం మాత్రం ఎన్నడూ కట్టలేదు. నటులకి బస చూడటం, హాలు తలుపులు తీయించడం, వేళకి తెర లేచేట్టు చూడటం ఆయన పని. జర్మన్ ఆవిడని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చాక, ఇక్కడా ఇంగ్లీషు నాటకాలు ఆడించారు. ఆవిడ పోయాక ఒక్కరే ఉండేవారు. మేం మాలో మేం మేనేజర్ గారు అనుకునేవాళ్ళం, పోనుపోనూ ఆయన ఎదుటే అనడం మొదలుపెట్టాం. ‘గారు’ అంటే ఏమిటో అడిగి తెలుసుకున్నారు. ఒకసారి మా ఆయన "హలో మేనేజర్" అంటే, "గారు ఏదీ?" అన్నారు.

మొదటి లాక్‌డౌన్‌లో ఆయన రోజూ సాయంత్రం ఏడున్నరకి నల్లకోటు వేసుకుని మెట్ల మీదికి వచ్చేవారు. ఏళ్ళ తరబడి ఆ వేళకి హాలు గుమ్మంలో నిలబడ్డ అలవాటు. మా మెట్ల దీపం మూడు నిమిషాలకి దానంతటదే ఆరిపోతుంది. ఆరినప్పుడల్లా మీట నొక్కుతూ, వచ్చేపోయేవాళ్ళకి గుడ్ ఈవినింగ్ చెప్పి, ఎనిమిదికి లోపలికి వెళ్ళేవారు. చెత్త పారేయడానికి దిగే నాకు కూడా నాటకానికి వచ్చినంత మర్యాద.

"ఇవాళ నలుగురే. వాన కదా," అనేవారు.

ఆయన దిగులంతా కాగితాల గురించే. పదకొండు అట్టపెట్టెలు. ఒప్పందాలు, సీట్ల పటాలు, నటుల ఉత్తరాలు, ఊళ్ళు తిరుగుతూ భార్యకి రాసినవి, అన్నీ కలిసే ఉండేవి. పాత కాగితాలు భద్రం చేసే ఆర్కైవ్ ఒకటి, ముందు ఒక పెట్టె పంపండి, చూసి చెబుతాం అంది. వాళ్ళు వద్దంటే, తన తర్వాత అవన్నీ పెరట్లోని చిత్తుకాగితాల డబ్బాలోకే పోతాయని ఆయన భయం.

"మా మేనల్లుడు చాలా శుభ్రమైన మనిషి. అదే నా భయం," అనేవారు.

అవి సర్దడానికి కిటికీలు తెరిచి, మాస్కులు పెట్టుకుని, బల్లకి ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చునేవాళ్ళం. నా చదువు ఇంటర్ దాకా. ఆ చేతిరాతలు సగం కూడా అర్థమయ్యేవి కావు. తుప్పు పట్టిన పిన్నులు తీయడం నా వంతు. అన్నిటికన్నా లావు కట్ట, జనం తిడుతూ రాసిన ఉత్తరాలది.

"మెచ్చుకున్నవాళ్ళు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. తిట్టేవాళ్ళే తీరిక చేసుకుని రాస్తారు," అన్నారు.

మా నాన్న కూడా ఊళ్ళో పద్యనాటకాలు ఆడించేవాడని చెప్పాను. "ఆయన కాగితాలేవి?" అని అడిగారు. పొలం కాగితాలు తప్ప ఏమీ దాచలేదన్నాను. అవి మాత్రం రేకుపెట్టెలో వేపాకు వేసి దాచాడు, ఒక్క పురుగు పట్టలేదు.

అక్కడే నేను తప్పు చేశాను. ఒక పెట్టెలో వెండి రంగు పురుగు ఒకటి పరిగెత్తడం చూశాను. కందిపప్పులో వేసుకోవడానికి ఊళ్ళో మా పెరటి చెట్టు నుంచి తెచ్చుకున్న ఎండు వేపాకు ఇంట్లో ఉంది. ఆయన టీ పెట్టడానికి వెళ్ళినప్పుడు అన్ని పెట్టెల్లోనూ గుప్పెడేసి చల్లాను. మంచిపనే కదా అని చెప్పను కూడా లేదు.

ముందుగా పంపిన పెట్టె పది రోజుల్లో తిరిగొచ్చింది. లోపల ఎండాకులున్నాయి, వాటితో పురుగులు వచ్చే ప్రమాదం ఉంది, ఇలాగైతే ఏ పెట్టెనీ తీసుకోలేమని ఉత్తరం.

"పురుగు రాకుండా నువ్వు వేశావు. పురుగొస్తుందని వాళ్ళు పంపేశారు," అని మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పైకి వెళ్ళి ఉన్నది చెప్పాను. ఆ సాయంత్రం ఏడున్నరకి మేనేజర్ గారు బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టారు. ఆర్కైవ్ ఆవిడతో మాట్లాడారట. ఆకులన్నీ ఏరి, పెట్టెల్ని ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి, రెండేసి వారాలు గడ్డకట్టే చలిలో ఉంచితే మళ్ళీ చూస్తామందట.

"మీ కెల్లర్‌లో పెద్ద ఫ్రీజర్ ఉంది కదా?" అన్నారు.

కెల్లర్ అంటే ఇంటి కింద సామాన్ల గది. ఫ్రీజర్ నిండా గోంగూర, మునక్కాడలు, కొబ్బరి కోరు. చలికాలమే కాబట్టి అవి బాల్కనీకి పోయాయి. పెట్టెలు జతలుగా, వంతులవారీగా ఫ్రీజర్‌లోకి వెళ్ళాయి. ఒక్కో జత బయటికి తీసినప్పుడల్లా, "నటులకి జలుబు చేయలేదు కదా?" అని అడిగేవారు. మా ఆయన బాల్కనీ వైపు చూపించి, "గోంగూరకి చేసింది," అనేవాడు.

ఆకులు ఏరడానికే నాలుగు రోజులు పట్టింది. మెత్తని బ్రష్షుతో ఒక్కో కాగితం దులిపాం. చివర్లో ఆయన ఒక ఆకు తీసి తెల్ల కవర్లో పెట్టి, పైన ఏదో రాశారు.

"వద్దండీ, మళ్ళీ వెనక్కి పంపుతారు," అన్నాను.

"ఈ పెట్టెల్లో ఉన్నవాళ్ళంతా నాతో పనిచేసినవాళ్ళు. మీరు చెయ్యలేదా?" అన్నారు. దాన్నీ పెట్టెలతో పాటు గడ్డకట్టించారు.

వసంతంలో పెట్టెలన్నీ వ్యాన్‌లో వెళ్ళాయి. పది వారాలు జవాబు లేదు. ఒక సాయంత్రం నల్లకోటుతో మెట్లు దిగి మా గుమ్మం దాకా వచ్చారు. "పదకొండూ లోపలికి వెళ్ళాయి. హౌస్‌ఫుల్," అన్నారు. ఆ రోజు మా ఇంట్లో గోంగూర పప్పు తిన్నారు. కళ్ళు తుడుచుకుంటూ, మంచినీళ్ళు తాగుతూ, మళ్ళీ వేయించుకున్నారు. ఆ నెల తిరక్కుండానే పోయారు.

మొన్న మేనల్లుడు ఆర్కైవ్ వాళ్ళ జాబితా నకలు నాకు పంపాడు. ఎనిమిదో పెట్టె, చివరి వరస: తెల్ల కవరు, లోపల ఎండిన ఆకు ఒకటి, పెట్టెలు సర్దిన పొరుగామెది, తీయరాదు.

"మీ పెరటి చెట్టుకి పర్మనెంట్ వీసా వచ్చింది," అన్నాడు మా ఆయన.

నిన్న చెత్త పట్టుకుని దిగేసరికి ఏడున్నర. మెట్ల మీద చీకటి. మీట నొక్కి, సంచీ పక్కన పెట్టి, దీపం ఆరేదాకా నిలబడ్డాను. దిగినవాళ్ళకి గుడ్ ఈవినింగ్ చెప్పాను. వాన లేకపోయినా ఇద్దరే.