ఎల్లుండి కథలకు పిలుపు

కొత్త రచయితలను పిలవడం యుగంధర్ మేస్టారికి కొత్త కాదు. పదహారేళ్లుగా పిలుస్తూనే ఉన్నారు. వాళ్లు రాకపోవడం కూడా ఆయనకు కొత్తేమీ కాదు. కాకపోతే ఈసారి పిలిచే ఓపిక కూడా అయిపోవచ్చింది.

రామచంద్రపురం హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. పెన్షనూ, బీపీ, ఎడమ కంట్లో శుక్లమూ కాక ఆయన నాది అని చెప్పుకోగలిగింది ‘ఎల్లుండి కథలు’ ఒక్కటే. అది తెలుగులో సైన్సు ఫిక్షన్ కథల వరస. రెండు మూడేళ్లకో పుస్తకం వస్తుంది. రాజమండ్రిలో ప్రెస్సు నడిపే విజయ్ పాల్ అచ్చు వేస్తాడు. కథలు తెప్పించి, ఏరి, దిద్ది, ముందుమాట రాసేది మేస్టారు. రేపటి కథలు అని పెట్టకూడదా అని మొదట్లో ఎవరో అడిగితే, “రేపటి సంగతి జ్యోతిష్కులు చూసుకుంటారు, మనం ఆ మర్నాటి సంగతి చూద్దాం” అన్నారట. ఆ మాట ఆయనకే ఎంత నచ్చిందంటే, ఆరు పుస్తకాల ముందుమాటల్లోనూ ఉంది.

ఆ ఆరు పుస్తకాల్లో నలభై ముగ్గురు రాశారు. ఒకసారి రాసినవాళ్లు రెండోసారి రాయలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా. ఇదే మేస్టారికి అంతుపట్టని విషయం. బజారులో కనిపిస్తే అందరూ నమస్కారం పెడతారు, ఆరోగ్యం అడుగుతారు. “మళ్లీ కథ ఎప్పుడు?” అంటే “చూద్దామండి” అంటారు. గోదావరి జిల్లాలో పుట్టి, అరవై మూడేళ్లు ఈ కాలవ నీళ్లే తాగి, చూద్దామండి అంటే అర్థమేమిటో తెలియకపోవడం మేస్టారి అమాయకత్వం అనాలి. పిల్లనివ్వడం ఇష్టం లేకపోయినా మనవాళ్లు చూద్దామండీ అనే అంటారు. పక్క పొలం వాడు గట్టు నరికినా ముందు పేరుకు ‘గారు’ తగిలించి, ఆ తర్వాతే తగువు మొదలుపెడతారు. ఎదుటి మనిషి ముఖం మీద వద్దండి అనడం ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు.

ఏడో పుస్తకం దగ్గర విజయ్ పాల్ కూడా నీరసపడిపోయాడు. “ఈసారి మంచి కథలు పదైనా రాకపోతే ఇంక ఆపేద్దామండి మేస్టారు. పాతవాళ్లు రారు, కొత్తవాళ్లు దొరకరు. ఎవరి కోసం వేస్తున్నామో నాకూ తెలీట్లేదండి” అన్నాడు. ఆ మాట విన్న రోజు మేస్టారికి అన్నం సయించలేదు. పిల్లలు లేని మనిషి. ఇంటి పేరు నిలబెట్టమని ఎవరినీ అడిగినవాడు కాదు గానీ, ఈ వరస మాత్రం తను పోయాక కూడా నడవాలని గట్టి కోరిక.

అందుకని మళ్లీ ప్రకటన రాశారు. ‘కొత్త రచయితలకు ఆహ్వానం. సైన్సు ఆధారంగా, తెలుగు నేల మీద జరిగే కథలు పంపండి. నిడివి పది పేజీలు మించరాదు. సంపాదకుల సవరణలకు అభ్యంతరం ఉండరాదు.’ దాన్ని విజయ్ పాల్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. నెల తిరిగేసరికి పంతొమ్మిది కథలు వచ్చాయి. మేస్టారు సంబరపడి కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు. మూడు కథలు చదివేసరికి సంబరం దిగిపోయింది. పద్నాలుగు కథలు ఫోన్లో మిషను చేత రాయించినవి. తప్పు ఒక్కటి లేదు, పస అంతకంటే లేదు. ఆ కథల్లో ఎవరూ అన్నం తినరు, ఎవరికీ చెమట పట్టదు, చివర్లో అందరూ ఆకాశం వంక చూస్తారు. మిగిలిన అయిదింటిలో రెండు పద్యాలు, ఒకటి హోమియోపతి మీద వ్యాసం. ఇక రెండే మిగిలాయి.

“నోరు నొప్పెట్టేలా పిలుస్తుంటే ఒక్కళ్లూ రారేంటి?” అని వంటింటి గుమ్మంలో కూలబడ్డారు మేస్టారు.

ఆయన భార్య రత్నమాణిక్యం గోంగూర ఆకు తుంపుతోంది. “వాట్సాప్‌లో శుభలేఖ పంపితే మీరు పెళ్లికి వెళ్తారా ఏంటండి? మొన్న మీ పెదనాన్నగారి మనవడి పెళ్లికి అలాగే కదా మానేశారు. మర్యాదగా గడప తొక్కి పిలవాలి. అప్పుడు రాకపోతే అడగండి” అంది.

ఆ మాట మేస్టారికి తగిలింది. నిజమే, నలభై ముగ్గురిలో ఎవరింటికీ ఆయన వెళ్లి పిలిచింది లేదు. ఎవరింటికి ముందు వెళ్లాలో ఆలోచించుకోవలసిన పని కూడా లేకపోయింది. సత్యశ్రీ. మొదటి పుస్తకంలో మొదటి కథ ఆ పిల్లదే. అప్పుడు టెన్త్ చదువుతోంది. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో కథ రాయమంటే నిజంగా కథ రాసుకొచ్చిన పిల్ల ఆ ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే ఒక అత్తం చక్కెరకేళీ అరటిపళ్లు సంచీలో పెట్టుకుని బస్సెక్కారు. ద్రాక్షారామంలో ఒక బస్సు, యానాంలో ఇంకో బస్సు. ఎదుర్లంక వంతెన మీద ఎండ మొహాన కొట్టింది. మోకాళ్లు సలుపుతున్నాయి. ఈ వయసులో కథ కోసం ఊరూరూ తిరగడమేమిటని ఆయన మీద ఆయనకే విసుగేసింది. దిగిపోదామని ఒకసారి అనిపించింది కూడా. దిగినా ఇంటికి మళ్లీ అంతే దూరం అని కూర్చుండిపోయారు.

మురమళ్ళ దాటాక రోడ్డు పక్కన, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబు. బల్ల నిండా సీసాలు, సీసాకో కాగితం ముక్క, దాని మీద రైతు పేరు. సత్యశ్రీ మేస్టారిని చూసి గబుక్కున లేచింది. ముప్ఫై దాటినా ముఖంలో ఆ పదో తరగతి పిల్లే కనిపిస్తోంది.

“మేస్టారండీ, మీరేంటండి ఇంత దూరం? ఒక్క ఫోను కొడితే నేనే వచ్చేదాన్ని కదండి.”

“ఫోను కొడితే చూద్దామండి అంటావని నేనే వచ్చానమ్మా.”

సత్యశ్రీ నవ్వి, ఫ్యాను ఆయన వైపు తిప్పి, టీకి చెప్పింది. మేస్టారు పళ్లు చేతికిచ్చి, శుభకార్యానికి పిలిచినట్టే పిలిచారు. ఏడో పుస్తకం వస్తోందనీ, ఇదే ఆఖరుది అయ్యేలా ఉందనీ, కథ రాసివ్వాలనీ చెప్పారు. ఆమె ఒక సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

“నేను ఎప్పుడూ రాయలేదు కదండి” అంది చివరికి.

“అదేంటి? మొదటి పుస్తకంలో ‘నాట్ల యంత్రం’ నీదే కదమ్మా.”

“పేరు నాదేనండి.”

మేస్టారికి అర్థం కాలేదు. ఆమె తల దించుకునే చెప్పింది. గొంతులో కోపం లేదు. “నేను రాసిన కథలో యంత్రం మధ్యాహ్నానికి అలిసిపోయి గట్టెక్కి కూర్చుంటుందండి. నడుం పట్టుకుపోయిందమ్మా, ఇంత చద్దన్నం పెట్టు అంటుందండి. అది మా అమ్మమ్మండి. అచ్చాయమ్మ. నలభై ఏళ్లు వరి నాట్లు ఊడ్చింది ఆవిడ. మీరు యంత్రానికి నడుం నొప్పి రాదన్నారు. బ్యాటరీ అయిపోయిందని మార్చారు. సోలార్ సెల్ ఎలా పనిచేస్తుందో రెండు పేజీలు కలిపారు. పుస్తకం వచ్చాక ఆవిడకి చదివి వినిపించానండి. ఇందులో నేనెక్కడున్నానే అనడిగింది.”

మేస్టారు టీ గ్లాసు కింద పెట్టేశారు. “మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా.”

“మీరు మేస్టారు కదండి.”

మేస్టారు అసలు కాగితాలు ఉన్నాయేమో ఇస్తే తిరిగి వేద్దాం అనబోయి, అవి తనకే ఇచ్చిందనీ, తను దిద్దడం అయ్యాక పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశారనీ గుర్తొచ్చి ఊరుకున్నారు. కాసేపటికి మాత్రం తెగించి అడిగారు. “ఇప్పుడేమైనా రాస్తున్నావా?”

ఆమె తటపటాయించింది. తర్వాత సొరుగులోంచి ల్యాబు రిజిస్టరు తీసి, వెనక పేజీలు తిప్పింది. “చదవనాండి? ఎవరికీ చూపించలేదు.”

మేస్టారి ప్రాణం లేచొచ్చింది. చదవమన్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత గోదావరి నీళ్లు సీసాల్లో తప్ప దొరకని రోజుల కథ. సముద్రం లోపలికి వచ్చేసి బావులన్నీ ఉప్పుబారిపోతాయి. ఒకావిడకు సర్కారు ఉద్యోగం ఉంటుంది. ఊరూరూ తిరిగి నీళ్లు రుచి చూడటమే ఆవిడ పని. ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఇది ఫలానా ఊరు, ఇక్కడ ఇంకో రెండేళ్లకు మనుషులుండరు అని చెప్పేస్తుంది. ఆవిడ తన సొంత ఊరి నీళ్లు రుచి చూసే చోటికి వచ్చింది కథ. మేస్టారు కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే, ఆయనకు తెలియకుండానే, ఆయన నోరు తెరుచుకుంది.

“ఒక్క నిమిషం అమ్మా. నాలికకు అంత సన్నటి తేడా తెలియదు. వెయ్యి పాళ్లలో ఒకటి రెండు పాళ్ల ఉప్పు అటూ ఇటూ అయితే మనిషి పట్టలేడు. అక్కడ ఒక మీటరు పెట్టేయ్, సరిపోతుంది.”

సత్యశ్రీ చదవడం ఆపింది. రిజిస్టరు మెల్లగా మూసింది.

“నేను రోజూ పడతానండి” అంది. “వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, నంబరు అనుకుని, అప్పుడు మీటరు పెడతానండి. రెండూ ఒకటే వస్తాయి.”

మేస్టారు ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఎంత ప్రయత్నించినా, నోటి నుంచి జారింది జారిందే. బాగుందమ్మా, చదువు, నేనేదో అన్నాను అన్నారు. ఆమె నవ్వి, రైతులు వచ్చే వేళయిందంది. బస్టాపు దాకా వచ్చి సాగనంపింది. బస్సెక్కబోతూ, “కథ ఇస్తావు కదమ్మా?” అన్నారు.

“చూద్దామండి” అంది సత్యశ్రీ.

అరవై మూడేళ్లలో మొదటిసారి ఆయనకు ఆ మాట అర్థమైంది.

ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా ఆరు పుస్తకాలూ దింపుకున్నారు. ఏ కథ తీసినా తన గొంతే వినిపిస్తోంది. తునిలో రైల్వే గుమాస్తా రాసిన కథా, ఆత్రేయపురం టీచరు రాసిన కథా, చర్చి పాటల పుస్తకాలు అమ్ముకునే ఏసురాజు రాసిన కథా ఒకే మనిషి క్లాసులో నిలబడి పాఠం చెబుతున్నట్టున్నాయి. జవాబు పత్రాలు దిద్దిన చేయి కథలను కూడా అలాగే దిద్దింది. తప్పులన్నీ తీసేశాననుకున్నారు. తప్పులతో పాటు మనుషుల్ని కూడా తీసేశారు. వాళ్లందరూ నమస్కారం పెట్టి, బాగుందండి, మీ దయండి అనేసి వెళ్లిపోయారు.

“నీకు తెలుసా ఈ సంగతి?” అని రత్నమాణిక్యాన్ని అడిగారు.

ఆవిడ కొంచెం ఇబ్బందిగా చూసింది. “నేను అన్నీ మీరే రాసి, వేరే వేరే పేర్లు పెడుతున్నారనుకున్నానండి.”

“ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పలేదేం?”

“అంత ఇష్టంగా చేసుకుంటుంటే ఎలా చెప్పను?”

ఆయన ఏడ్చారని చెప్పను గానీ, శుక్లం ఉన్న కన్నూ లేని కన్నూ రెండూ ఒక్కలాగే మసకబారాయి. పదహారేళ్లుగా వీళ్లెవరూ రావడం లేదని ఊరంతా చెప్పుకుని తిరిగారు. తలుపుకు అడ్డంగా నిలబడింది తనే.

రెండు రోజులు పడక దిగలేదు. మూడో నాడు రాజమండ్రి వెళ్లి విజయ్ పాల్ ఎదురుగా కూర్చున్నారు. “ఈ పుస్తకం నేను చూడను. నా పేరు తీసెయ్యి. కథలు నువ్వే ఏరు” అన్నారు.

“నాకు సైన్సు రాదు కదండి.”

“రాదు కాబట్టే.”

విజయ్ పాల్ కాదండీ, అలా అంటారేంటండీ అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. ఆ మూడోసారి అనకపోవడం మేస్టారికి బాగానే తగిలింది. ఈ కుర్రాడికి కూడా ఎప్పటినుంచో తెలుసన్నమాట. అక్కడే కాగితం తీసుకుని ప్రకటన మళ్లీ రాశారు. సవరణల మాట ఉన్న వాక్యం కొట్టేసి, దాని చోట ‘మీరు రాసింది రాసినట్టే అచ్చవుతుంది’ అని పెట్టారు. సంపాదకుడు అన్న చోట తన పేరు కొట్టేయడానికి మాత్రం చేయి రాలేదు. ఆ పని విజయ్ పాల్‌కే వదిలేసి వచ్చేశారు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి ఏమీ లేదు. కంటికి ఆపరేషన్ అయింది. పేపరు మొత్తం చదివి, ఖాళీ జాగాల్లో వాక్యాలు దిద్దేవారు. ఏం చేస్తున్నానో గుర్తొచ్చి పేపరు మడిచేసేవారు. ప్రెస్సుకు ఫోను చెయ్యాలని రోజూ అనిపించేది, చెయ్యలేదు.

రెండు నెలలకు విజయ్ పాలే చేశాడు. “మేస్టారండీ, పదకొండు వచ్చాయండి. అన్నీ మనుషులు రాసినవేనండి, చదివితే తెలుస్తోంది. అందులో నలుగురు పాతవాళ్లేనండి. మురమళ్ళ నుంచి సత్యశ్రీ గారిది ఒకటొచ్చింది. ల్యాబు రిజిస్టరు కాగితాల మీదే పంపారు. నీళ్లు రుచి చూసే ఆవిడ కథండి.”

మేస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆవిడ తన ఊరి నీళ్లు నాలిక మీద వేసుకుని ఏం చెప్పిందో ఆయనకు తెలియదు. ఈ రెండు నెలల్లో ఆయన అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించింది దాని గురించే.

“ఆ నాలిక సంగతి సైన్సు ప్రకారం కరెక్టో కాదో నాకు చిన్న అనుమానమండి” అన్నాడు విజయ్ పాల్. “ఒక్కసారి మీకు పంపనా? చూసి ఇచ్చేద్దురు గాని.”

అవతల ప్రెస్సు చప్పుడు వినిపిస్తోంది. పంపు అని నాలిక చివరి దాకా వచ్చింది. మేస్టారు ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

“వద్దు బాబూ” అన్నారు. “అచ్చయ్యాక చెప్పు. కొనుక్కుని చదువుకుంటాను.”