చదవకుండా పెట్టిన సంతకం

మా సీనియర్ మీద నాకింకా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

నా పీహెచ్‌డీ అంతా ఒక అణువు గురించి. లేజర్ వెలుగు పడగానే అది ఎలా వంగుతుందో, ఎక్కడ తెగుతుందో చూడాలి. రెప్పపాటును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కలో అంతా అయిపోతుంది. అందుకని లేజర్ వెనకే అంత పొట్టి ఎక్స్‌రే మెరుపును పంపి ఫొటో తీస్తాం. రెంటి మధ్య ఎడం ఎంతో తెలియకపోతే ఆ ఫొటోలు చెత్తబుట్టకే. ఆ ఎడాన్ని నిలబెట్టేది ఒక అద్దం. అది వెంట్రుకవాసి జరిగినా లెక్క మారిపోతుంది.

ఇలాంటి ఎక్స్‌రే మెరుపులు పుట్టించే యంత్రం విదేశంలో ఉంది. దాని మీద, ఏడాది ఎదురుచూస్తే మాకు మూడు రోజులు దొరికాయి. రెండో రోజు సీనియర్ అద్దం తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. గంటగంటకూ ఏం చేశామో రాయాల్సిన లాగ్ పుస్తకంలో ఆ సంగతి రాయలేదు. షిఫ్టు మారేటప్పుడు పేజీ నా ముందుకు తోసి, "అంతా బానే ఉంది, సంతకం పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను.

తిరిగొచ్చాక చూస్తే కొలతలేవీ అతకలేదు. గట్టిగా నిలదీస్తే అద్దం తుడిచానన్నాడు, ఎన్నింటికో గుర్తులేదన్నాడు. అది తెలియకపోతే ఏ ఫొటోలు పనికొస్తాయో తేల్చలేం. గైడు దగ్గర మాత్రం తప్పంతా నాదేనని చెప్పాడు. ఆయన నమ్మేశారు. నా థీసిస్ సగం గంగలో కలిసింది.

మా ఊరు చోడవరం వచ్చి, అన్నం తింటూ నాన్న ముందు గోల చేశాను. నాన్న చెరుకు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో రసం పరీక్షలు చేసి రిటైరైన మనిషి.

"పుస్తకంలో ఏటి రాసేడు?"

"ఏటీ రాయలేదు."

"కింద సంతకం ఎవులిది?"

"నాదే. పెద్దోడు కదా, అడిగితే బాగోదని పెట్టేసేను."

"ఆఫీసరు సెప్పినా సరే, రసం సూడకుండా నేనెప్పుడూ పెట్టలేదు. నువ్వు మర్యాదకి పెట్టేసేవా?"

ఒళ్లు మండిపోయింది. నా తరఫున నాలుగు తిట్లు తిడతాడనుకుంటే ఈయన కూడానా! కంచం ముందు నుంచి లేచిపోయాను. కడుపు మాడ్చుకుంటే మాత్రం ఆ సంతకం ఎక్కడికి పోతుంది?

సాయంత్రం గైడుకు ఉత్తరం రాశాను. రెండే వాక్యాలు. అద్దం కదిపి రాయకుండా వదిలేసింది సీనియర్. చదవకుండా సంతకం పెట్టింది నేను. రెండోది కొట్టేద్దామని చాలాసేపు తటపటాయించాను. నాన్న పక్కనే కూర్చున్నాడు. అలాగే పంపాను.

సోమవారం మీటింగులో గైడు అందరి ముందూ ఆ ఉత్తరం తీశారు. రెండో వాక్యం ఒక్కటే చదివి మడిచేశారు. సీనియర్ తల వంచుకుని టీ తాగుతున్నాడు.

మొదటిది నేనే లేచి నిలబడి చదివాను.