ఒమన్ సిమ్ముకు పడవ సెట్టింగు

2023 మే నెల. సముద్రంలో వేట నిషేధం ఉన్న రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉండడంతో చిట్టమూరులోని మా మొబైల్ షాపు ముందు జనం బాగా ఉన్నారు. పదహారేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను కదా, నాకు తెలియని జబ్బు ఫోనుకు రాదని అప్పట్లో కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ మధ్యాహ్నం పోలయ్య తన చెల్లెలు సుజాతను వెంటబెట్టుకొచ్చాడు. మస్కట్‌లో ఒక బడి వంటశాలలో గిన్నెలు కడగడానికి చేరిన పిల్ల, ఆరేళ్లలో వంట దాకా ఎదిగింది. సెలవుపై ఇంటికొచ్చాక, పెద్ద వంటమనిషిగా తీసుకుంటున్నామని బడివాళ్లు వాట్సాప్‌లో కబురు పెట్టారు. ఆన్‌లైన్‌లో సంతకం చేయాలి. దానికి కావలసిన ఓటీపీ ఆమె ఒమన్ నంబరుకే వస్తుంది. సాయంత్రం ఐదుకల్లా గడువు తీరిపోతుంది. వాట్సాప్ అన్న ఫోను హాట్‌స్పాట్‌తో నడుస్తోంది గానీ, ఒమన్ సిమ్ చూస్తే 'నో సర్వీస్'.

“దిగిన రోజు బాగానే పనిచేసిందక్కా. మూడు దినాలుగా ఇట్టనే ఉంది. ఇది పోతే మళ్లీ గిన్నెల కాడికే,” అంది సుజాత. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

సిమ్ తీసి తుడిచాను. రీస్టార్ట్ చేశాను. రోమింగ్ ప్యాక్ ఉందో లేదో అడిగాను, ఉందంది. ఇంకో ఫోనులో వేసి చూడాలన్న మొదటి పాఠం నాకు గుర్తురాలేదు. “సిమ్ పోయిందమ్మా, అక్కడికెళ్లి కొత్తది తీసుకోవాల్సిందే,” అని తేల్చేశాను. ఆ పిల్ల స్టూలు మీద కూలబడింది.

పోలయ్య ఒప్పుకోలేదు. “ఎట్ట పోతాది కరుణక్కా? రోమింగని చూపిస్తాంటే డబ్బులు కోసేస్తారని, నేనే మన టవర్‌కి కట్టేసినా గదా!”

“ఏ టవర్‌కి? ఎట్ట కట్టేసినావు?”

“నా ఫోనుకుండే టవర్‌కే. నువ్వు నేర్పించినట్టే! ఇంగ్లీషులో ఏందో వచ్చింది, ఓకే కొట్టినా.”

నిజమే, నేర్పింది నేనే! ఒకప్పుడు మా పడవలు దక్షిణంగా పోతే ఫోన్లు తమిళనాడు టవర్ పట్టుకునేవి, రోమింగ్ చార్జీ పడేది. అందుకని నెట్‌వర్క్ సెలెక్షన్‌ను 'మాన్యువల్'లో పెట్టి, మన టవర్‌నే ఎంచుకోమని ఊరందరికీ చూపించాను. ఆ చార్జీలు పోయి ఏళ్లయినా అలవాటు పోలేదు.

విదేశీ సిమ్ సంగతి వేరు. ఇక్కడ దానికి సొంత టవర్ ఉండదు. తన కంపెనీతో ఒప్పందమున్న కంపెనీ టవరే దానికి దిక్కు. 'ఆటోమేటిక్'లో ఉంచితే ఫోను సిమ్‌లోని జాబితా చూసుకుని, ఒకరు వద్దంటే ఇంకొకరిని అడుగుతుంది. మాన్యువల్‌లో పెడితే మనం చూపించిన గుమ్మం ముందే నిలబడుతుంది. ఒప్పందం లేకపోతే సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా లోపలికి రానివ్వరు.

ఆటోమేటిక్ నొక్కాను. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషంలో గీతలు మొలిచాయి, పక్కన ఏదో కంపెనీ పేరు. సుజాత సంతకం పేజీలో ఓటీపీ కోసం నొక్కింది. టింగుమంది! నాలుగు గంటల ఇరవై నిమిషాలకి సంతకం అయిపోయింది. ఆ పిల్ల నన్ను వాటేసుకుని ఏడుస్తూనే నవ్వింది. పోలయ్య మాత్రం బిక్కమొహం వేసుకుని, “నీ ఫోను ఇంక ముట్టనమ్మే,” అన్నాడు చెల్లెలితో.

“ముట్టాల్సిందే, రా ఇట్ట!” అని గదిమి, మాన్యువల్ తీసి ఆటోమేటిక్ పెట్టడం అతని చేతనే మూడుసార్లు చేయించాను. తప్పు సగం నాది మరి. పెట్టడం నేర్పాను గానీ తీయడం నేర్పలేదు. ఆ రోజు నుంచీ ఏ కిటుకు చెప్పినా రెండూ చేయించే పంపుతున్నాను.

ఇప్పుడు గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా సిమ్ పట్టుకుని నేరుగా పోలయ్య దగ్గరికే పోతారు. “మస్కట్ పెద్ద వంటామె అన్నని” అని చెప్పుకుంటూ, వల బాగుచేసుకునే చోటే కూర్చుని ఉచితంగా సరిచేసి పంపుతాడు. నాకు గిరాకీ తగ్గింది. ఎంత సంతోషమో చెప్పలేను.