సుమన చెప్పిన తేదీ

సుమన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగరు కూడా. ఆమె పదవిలో లేదు, ఆమెకు ఏ బిరుదూ రాలేదు, పేపర్లో ఫొటో పడలేదు. అచ్చంపేట దగ్గర ఒక ఊళ్లో మూడెకరాల చెలక భూమి, రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు ఒక కుట్టుమిషను, అంతే. నేను ఆ ఊళ్లో పదహారేళ్లు నర్సుగా చేసి మొన్న రిటైరయ్యాను. పేరు పుష్పమ్మ, పుట్టిల్లు మోత్కూరు. పేర్లన్నీ మార్చాను, నా పేరుతో సహా. నాకు నోరు పెద్దదని ఊరంతా చెప్పుకుంటారు. అంత నోరుండి కూడా అడగాల్సిన ఒక్క మాట అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సుమనది గద్వాల దిక్కు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాదే సీడు పత్తి చేన్లకు పనికి పోయింది. విత్తనం కోసం వేసే పత్తి అది. సాయంత్రం పూట, తెల్లారితే విచ్చుకోబోయే మొగ్గను గిల్లి, దాని సొంత పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం పెడతారు. మర్నాడు పొద్దున వేరే వరసలోని మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఎండెక్కేలోపు రుద్దితే కాయ నిలుస్తుంది. మధ్యాహ్నం దాటితే ఎంత రుద్దినా రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. సుమన చెయ్యి పడితే నూటికి ఎనభై నిలిచేవట. ఆమెను పనికి పిలవడానికి రైతులు ముందు రోజే వచ్చి గడపలో కూర్చునేవాళ్లట. ఇది మాత్రం గొప్పగా చెప్పుకునేది. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాక, ఇరవై ఏడో ఏట, తెలంగాణ వచ్చిన సంవత్సరమే శ్రీశైలాన్ని చేసుకుని మా ఊరొచ్చింది.

ఆర్నెల్లకే నెల తప్పింది. మూడో నెలలో పోయింది. అత్త ఈదమ్మ దిష్టి అంది, నేను రక్తం తక్కువన్నాను. ఆ ఏడే బోరు ఎండిపోయి, శ్రీశైలం పని వెతుక్కుంటూ పుణె పోయాడు. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టే చోట క్రేను నడపడం నేర్చుకున్నాడు. నెలకు నాలుగు రోజులు సెలవు. అట్లా వాళ్ల సంసారం నెలకు నాలుగు రోజులకు వచ్చింది.

ఆ నాలుగు రోజులు ఏవైతే మంచిదన్నది నన్ను అడగడానికి సుమన సబ్‌సెంటర్‌కు వచ్చింది. టీకాలకు వచ్చిన తల్లులంతా పోయేదాకా గోడకానుకుని నిలబడి, అప్పుడు నోరు తెరిచింది.

"నర్సమ్మా, ఆయన ఎన్నడస్తే మంచిది?"

నాకు ఇట్లాంటి ప్రశ్నలంటే ఇష్టం. ట్రైనింగులో నేర్చుకున్నదంతా ఒక్కసారి బయటికొస్తుంది. "డేటు కాన్నుంచి లెక్కపెట్టు బిడ్డా. పదో రోజుకల్ల ఆయన ఇంట్ల ఉండాలె. అప్పటిదాక ఇంటికొచ్చినా దూరం ఉండుండ్రి, బలం నిలుస్తది," అన్నాను. ఆ చివరి ముక్క ఏ పుస్తకంలోనూ లేదు. నేను కలిపింది.

"అట్లయితే నిలుస్తదా?"

"అన్ని బాగున్నోళ్లకే నెలకు నూటికి ఇరవై. ఏడాది తిరిగేసరికి నూటికి ఎనభై అయిదు మందికి నిలుస్తది."

"ఇరవయ్యంటే అయిదు నెలలకొకసారి గద."

"గట్ల కాదే పిచ్చిదానా. ఏ నెలకా నెల కొత్త లెక్కనే. పోయిన నెల కాలేదని ఈ నెల ఎక్కువైతదా?"

"మా పత్తే నయం నర్సమ్మా, నూటికి ఎనభై," అని నవ్వింది. అంత ధీమాగా నవ్వడం అదే ఆఖరు అని నేను అనను. తరువాత కూడా చాలాసార్లు నవ్వింది. నవ్వే మనిషే.

అప్పటినుంచి ప్రతి నెలా అదే వరస. ఈదమ్మ ఇంట్లో మైల పట్టింపు గట్టిది. ఆ మైల రోజుల్లో సుమన వసారాలోనే పడుకోవాలి, కంచం వేరు, చాప వేరు, కుట్టుమిషను ముట్టుకోకూడదు. అయిదో రోజు తలకు పోసుకుని, ఇంట్లో పసుపునీళ్లు చల్లాకే లోపలికి వచ్చేది. వచ్చి గోడమీది క్యాలెండర్లో ఆ రోజు మీద పసుపు బొట్టు పెట్టేది. ఆ తడి జుట్టుతోనే నా దగ్గరికొచ్చి, "డేటయింది నర్సమ్మా," అనేది. ఇద్దరం వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. సాయంత్రం శ్రీశైలానికి ఫోన్ చేసి, ఫలానా రోజుకు రమ్మని చెప్పేది. ఆ తడి జుట్టు నా కళ్లముందు ఎన్నిసార్లు ఆరిందో నాకే తెలియదు. ఒక్కసారి కూడా నా బుర్రకు ఏమీ తట్టలేదు.

శ్రీశైలం మాట తప్పేవాడు కాదు. రాత్రంతా రైల్లో వచ్చి, హైదరాబాదులో బస్సెక్కి, మధ్యాహ్నానికి ఊళ్లో దిగేవాడు. పుణెలో తోటివాళ్లు అతన్ని నెల పెండ్లికొడుకు అని పిలిచేవాళ్లట. దారిలో నేను కనబడితే సిగ్గుపడకుండా అడిగేవాడు, "ఈసారన్న పని అయితదా నర్సమ్మా?" అని. "పని నీదే గదా నాయినా, నన్నడుగుతవేంది?" అనేదాన్ని. పక్కనున్న ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వేవాళ్లు. మొదట్లో అట్లా సరదాగానే ఉండేది.

నేను చెప్పే అంకె ఏటేటా తగ్గుతూ పోయింది. ఇరవై అన్నదాన్ని మూడో ఏడు పదిహేను అన్నాను. ఆమెకు ముప్పై మూడు దాటాక పది అన్నాను. అది కూడా ఆమె మొహం చూడలేక పెంచి చెప్పిన పది. "మిగిలిన పదిహేను మంది ఉన్నరంటివి గద, ఏడాది అయినా నిలవనోళ్లు. ఆళ్లేం చేస్తరు నర్సమ్మా?" అని ఒకసారి అడిగింది. పరీక్షలు చేయించుకుంటారని చెప్పి ఇద్దరినీ మహబూబ్‌నగర్ పంపాను. ఇద్దరిలో ఏ లోపమూ లేదన్నారు. సుమన డేటు లెక్కన పదకొండో రోజు స్కానింగు కూడా చేశారు. గుడ్డు ఇదివరకే విడుదలైపోయిందని రాశారు. ఆ కాగితం చదివి నేను ఎగిరి గంతేశాను. గుడ్డు తయారవుతోంది, విడుదలవుతోంది, ఇంకేం కావాలి? బస్టాండులో ఆమెకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాను. విడుదలైపోయింది అన్న మాటలో పోయింది అన్నది నాకు వినపడలేదు.

లాక్‌డౌన్లో శ్రీశైలం రెండు నెలలు పుణెలో ఇరుక్కుపోయి, తరువాత అయిదు నెలలు ఇంటిపట్టునే ఉన్నాడు. ఇంక నిలవకపోవడమేంటని ఊరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ అయిదు నెలలూ వాళ్లు నేను చెప్పినట్టే, పదో రోజు దాకా ఒకరినొకరు ముట్టుకోలేదట. నా మాటంటే అంత గురి.

గల్ఫులో పెద్ద క్రేను మీద పని ఉందని ఎవరో పిలిస్తే శ్రీశైలం పోలేదు. "నెల నెల రానియ్యరు గద," అన్నాడు. చిన్నాయన కురుమయ్య రెండో పెళ్లి మాటెత్తితే, "ఇంకొకసారి ఆ మాటంటే నీ గడప తొక్క," అని లేచిపోయాడు. ఊళ్లో తొట్టెల వేడుకలకు సుమనను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. పిలిచినా ఆమె పోవడం మానేసింది. పసిపిల్లల జుబ్బాలు మాత్రం ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్లు. సిగ్గులేని ఊరు. ఈదమ్మ కోడల్ని ఒక్క మాట అనేది కాదు. అదొక్కటి చెప్పుకోవాలి. చనిపోయే ముందు కూడా సుమన చెయ్యే పట్టుకుంది.

పోయిన ఏడాది సుమనకు ముప్పై ఎనిమిది నిండాయి. ఆఖరి ప్రయత్నంగా మహబూబ్‌నగర్‌లో కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కూడా గద్వాల దిక్కు పిల్లేనట, నా కూతురి వయసుంటుంది. రక్తపరీక్షల కాగితాలు చూసి, నేను రాసుకొచ్చిన చీటీ పక్కన పెట్టి, సుమననే అడిగింది.

"ఈ నెల ఎర్రగ కనవడ్డ మొదటి రోజు ఎన్నడమ్మా?"

"మూడో తారీఖు," అంది సుమన.

నాకు నవ్వొచ్చింది. "ఏడు గదనే! నిన్ననే గద వచ్చి చెప్తివి?"

"ఏడున తలకు పోసుకున్న నర్సమ్మా. డేటు ఏడే. కనవడ్డది మూడున."

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. "ఇన్నేండ్లు దేని కాన్నుంచి లెక్కవెట్టిన్రు?" అని అడిగింది.

"తానం చేసిన కాన్నుంచే. ఆడదాని నెల తానంతోనే మొదలైతదని మా అత్త చెప్పేది. నర్సమ్మ డేటు కాన్నుంచి అన్నది. డేటంటే గదే గద?"

మా మోత్కూరులో డేటంటే కనబడ్డ రోజు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. ఇక్కడి ఇళ్లల్లో కనబడ్డ రోజును ఎవరూ నోటితో చెప్పరు. అది మైల రోజు, చెప్పుకునే రోజు కాదు. తలకు పోసుకుని ఇంట్లోకొచ్చిన రోజే వాళ్లకు తేదీ. పదహారేళ్లు వందలమంది గర్భిణుల కార్డుల్లో ఆ తేదీలే రాశాను. వాళ్లకు నాలుగు రోజులు అటూ ఇటూ అయినా కానుపు ఆగదు కనక తప్పు బయటపడలేదు. రక్తం కనబడ్డది ఎప్పుడు అని పచ్చిగా అడగడానికి నాకు మొహమాటం. ఇంత నోరున్నదాన్ని, డేటు అని నాజూకుగా అడిగాను.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. సుమన నెల పొట్టిది, ఇరవై ఆరు రోజులే. గుడ్డు పదకొండు, పన్నెండు రోజుల్లో విడుదలవుతుంది, ఒక్కరోజే బతుకుతుంది. మా లెక్క ప్రకారం శ్రీశైలం ఊళ్లో దిగేది అసలు లెక్కన పద్నాలుగో రోజు. అంటే పదేళ్లుగా, ప్రతి నెలా, రెండు రోజులు ఆలస్యంగా.

"పగటాల దాటినంక పువ్వు రుద్దినట్టు," అంది సుమన, తనలో తను. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఇప్పటిసంది సక్కగ లెక్కవెడితే?" అని అడిగింది సుమన.

"గుడ్లు అయిపోవస్తున్నయమ్మా. సక్కగ లెక్కవెట్టినా నెలకు నూటికి ఒకటి. అది గూడ ఇంకొన్ని నెలలే."

"ఒకటి," అంది సుమన.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను క్షమించమని అడగాలనుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. "తప్పు నాదే బిడ్డా," అన్నాను చివరికి. ఆమె తల అడ్డంగా ఊపింది. కాదనా, వద్దనా, నాకు తెలియలేదు. ఏడవను కూడా లేదు. ఏడిస్తే నాకు కొంత తేలికయ్యేది.

జడ్చర్ల దాటాక ఫోన్ మోగింది. శ్రీశైలం. అతని గొంతు పక్క సీట్లో ఉన్న నాకు కూడా వినిపిస్తూనే ఉంది.

"డాక్టరమ్మ ఏమన్నది?"

"బాగనే ఉన్నదన్నది. గోలీలు రాసింది."

"మరి ఎన్నడు రమ్మంటవు? ఈడ సారుకు చెప్పాలె."

ఆ రోజు ఎనిమిదో తారీఖు. మర్నాడు రైలెక్కితే పదో తారీఖు మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటాడు. పదేళ్లలో మొదటిసారి వేళకు వస్తాడు. నేను ఆమె మోచెయ్యి తట్టి, రెండు చేతుల వేళ్లూ ఎత్తి చూపించాను. పది. పదో తారీఖు. ఆమె నా వేళ్ల వైపు చూసింది.

"పదహారున రా," అంది. "ఎప్పటి లెక్కనే."

ఫోన్ పెట్టేసింది. నేను అరిచిన అరుపుకు కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. "నీకేమన్న పిచ్చి లేసిందానె? ఉన్న ఆ ఒక్కటి గూడ..."

"పది అంటే, ఆరొద్దులు ముందెందుకు అని అడుగుతడు నర్సమ్మా. ఆయనకు చెప్పకుంట నాతోని కాదు. చెప్తే లెక్కవెడతడు. నూరు సార్లు వచ్చిండు. ఒక్కసారి గూడ ఎన్కకు పోలే. ఆ నూరు సార్లు ఉత్తగనే వచ్చిన్నని తెలిస్తే, గంత ఎత్తు మీద పొద్దంత ఒక్కడే కూసుంటడు గద, ఎట్ల బతుకుతడు? నూటికి ఒకటి కోసం మనిషిని పోగొట్టుకోమంటవా?"

"మరి నువ్వు?"

"నాకు ఎట్లన్న తెలిసిపాయె."

నా చేతి మీద చెయ్యి వేసింది. "ఎవ్వలకు చెప్పకు. నువ్వు గూడ గీ ఊర్లనే ఉండాలె గద," అంది.

ఆ అబద్ధంలో నాకు కూడా జాగా ఉంచిందని అప్పుడు తెలిసింది. శ్రీశైలం నంబరు నా ఫోన్లో ఉంది. తప్పు నాది, నన్ను తిట్టు, కానీ రేపే బయలుదేరు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. అతను రైలెక్కడానికి ఇంకా ఒక రాత్రి, ఒక పగలు ఉంది. నేను ఫోన్ చెయ్యలేదు.