పైపు నా చేతిలో ఉండగా లేచిన లిఫ్ట్

నేను ఒట్టు వెయ్యను. అమ్మ మీద వేద్దామంటే ఆమెకు బీపీ. నా మీద వేసుకుందామంటే నన్ను నేనే పెద్దగా నమ్మను. కాబట్టి వట్టి నోటితోనే చెప్తున్నా... ఇది జరిగింది. నాకే జరిగింది. నమ్మేవాళ్లు వినండి. నమ్మనివాళ్లు ఇంకా శ్రద్ధగా వినండి. ఎందుకంటే ఇందులో తప్పు ఎక్కడుందో మీరే పట్టుకోవాలి. ఇన్నేళ్లుగా నా వల్ల కాలేదు.

ఇంకో మాట. నేను దయ్యాల మనిషిని కాను. ఎవరైనా "అర్ధరాత్రి... తెల్లచీర..." అని మొదలుపెడితే "ఆ చీర ఉతికేదెవరు?" అని అడిగే రకం. అందుకే ఇలాంటి కబుర్లకు నన్నెవరూ పిలవరు. ఈరోజు పిలిచారు. అనుభవించండి.

తొంభైల చివర. సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాలేదు. నేను బాన్సువాడలో, పిట్లం వెళ్లే రోడ్డు మీద ఒక ట్రాక్టర్ రిపేరు షెడ్డులో పని చేసేవాణ్ణి. మా అక్క భర్త గంగారాం బావ బీర్కూర్ వైపు ఒక ముసలి ట్రాక్టర్ పెట్టుకుని కిరాయికి దమ్ము కొట్టేవాడు. అంటే నీళ్లు పెట్టిన మడిని దున్ని, నాట్లకు మెత్తటి బురద చేసి ఇవ్వడం. ఆ ట్రాక్టర్ నాకంటే పెద్దది. నాకంటే ఎక్కువ తాగేది కూడా.

ఒక సాయంత్రం షెడ్డు మూసే వేళకు బావ మోపెడ్ మీద వచ్చాడు.

"బామ్మర్దీ, లిఫ్టు లేస్తలేదురా."

"మొత్తానికే లేస్తలేదా, లేసి కూసుంటుందా?"

"లేస్తది. మా నాయిన మంచం మీంచి లేసినట్టు లేస్తది. మల్ల కూలవడ్తది."

లిఫ్ట్ అంటే తెలుసుగా. ట్రాక్టర్ వెనక ఉండే, ఇనుప పళ్లతో దున్నే కల్టివేటర్‌ను ఆయిల్ ఒత్తిడితో పైకెత్తేది. ఇంజిన్ తిరిగితే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితే ఆయిల్ పైపులోంచి తోసుకొస్తుంది, అప్పుడు లిఫ్ట్ లేస్తుంది. ఇంజిన్ ఆగితే లేవదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా గోల అంతా ఈ ముక్క గురించే.

కాలువ నీళ్లు బావ దమ్ము కొడుతున్న మడికి తెల్లారేదాకానే వంతు. తర్వాత పక్కవాళ్లకు పోతాయి. మడి సత్యంగారిది. క్యాంపు ఆయన, అంటే వాళ్ల నాన్నల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఊరు కట్టుకున్న కుటుంబాల్లో ఒకరు. నాట్లేసే ఆడవాళ్లను పొద్దున్నే రమ్మని చెప్పేశాడు. బావ ఆ రాత్రే దమ్ము ముగించాలి. అందుకే బావ కంగారు. బావ కంగారు చూసి అక్కకు కంగారు. దారిలో వాళ్లింట్లో ఆగి మేం మళ్లీ బయల్దేరుతుంటే నన్ను గడప దగ్గర ఆపింది.

"తమ్మీ, ఆయనకు ఆత్రమెక్కువ. మడి పోతె పోనీ, నాకు ఫికర్ లేదు. మనిషిని మనిషి లెక్క తెచ్చి అప్పజెప్పాలె."

"రసీదు రాసియ్యాల్నా అక్కా?"

అక్క నవ్వలేదు. నా జోకులకు అక్క ఎప్పుడూ నవ్వదు, అది వేరే సంగతి.

మేం చేరేసరికి చీకటి గట్టిపడింది. మడి మధ్యలో ట్రాక్టర్. వెనక కల్టివేటర్ గాలిలో వేలాడుతోంది. దాని కింద బావ ఒక దుంగ ఆనించాడు. నేను టార్చ్ పట్టుకుని బురదలో దిగాను. ఆయిల్ చూశాను... ఉంది. ఫిల్టర్ విప్పాను... చెత్త పట్టి ఉంటే డీజిల్‌తో కడిగాను. బావ ఇంజిన్ వేశాడు. లిఫ్ట్ జానెడు లేచి, అలిగి, మళ్లీ దుంగ మీద కూర్చుంది. ఇంజిన్ ఆపించి, తాళంచెవి నా జేబులో వేసుకుని, పంపు నుంచి లిఫ్ట్‌కు పోయే పైపు వెంట వేలితో తడుముకుంటూ వెళ్లాను. పంపు దగ్గర బిగించిన చోట... తడి. వెచ్చగా. దొరికాడు దొంగ. లోపలి రబ్బరు రింగు తెగింది.

కొత్త రింగు జేబులో ఉంది. పైపు విప్పాలి, వెయ్యాలి, బిగించాలి. అంతే పని. కానీ షెడ్డులో మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. పైపు ముట్టేముందు ఇనుమును నేలకు దించాలి. పైపు ఊడితే ఆయిల్ పోతుంది, పైనున్న బరువంతా కిందికొస్తుంది.

"బావా, దించు. దించినంక విప్పుత."

"దించుతె ఇగ అయిపాయె. బురదల దిగవడ్డంక ఎవడు పీకుతడు? లంగరేసినట్టె. దుంగ ఉన్నది గదా, నువ్వు విప్పు."

ఆ మాటా నిజమే. మా దగ్గర దమ్ము కొట్టే డ్రైవర్లు అందరూ అంతే. బురదలో ఇనుమును వదలరు, దుంగ పెట్టి నిలబెడతారు. కాకపోతే బురదలో పెట్టిన దుంగ కూడా బురద మాటే వింటుంది.

"అయితె దాని దగ్గరికి పోకు."

"నేనేమన్న పోరన్నా?"

నేను ముందు వైపు, పంపు దగ్గర వంగాను. వెనక ఏమీ కనబడదు. బురద కోసం బిగించిన పెద్ద ఇనుప కేజ్ చక్రం అడ్డం. నట్టు వదులు చేశాను. ఆయిల్ మోచేతి దాకా కారింది. ఇంకో తిప్పు... పైపు ఊడి చేతిలోకొచ్చింది.

ధబ్.

తర్వాత... ఏమీ లేదు. నీళ్ల చప్పుడు.

"బామ్మర్దీ..."

మెల్లగా పిలిచాడు. మా బావ ఉప్పు అందుకొమ్మని కూడా అరిచి చెప్పే మనిషి.

పరిగెత్తాను. బావ ఊరికే ఉండలేక కల్టివేటర్ పళ్లకు చుట్టుకున్న గడ్డి పీకుతున్నాడట. దుంగ పక్కకు ఒరిగింది. పళ్లు బిగించి ఉండే ఇనుప పట్టీ బావ కుడికాలి మీద పడింది. మోకాలి కింద కాలు కనబడటం లేదు. బురద మెత్తగా ఉండబట్టి విరగలేదు, కానీ ఇనుము మెల్లగా దిగుతోంది. దానితో కాలు కూడా.

పట్టీ కింద చేతులు పెట్టి ఎత్తాను. కదల్లేదు. మళ్లీ ఎత్తాను. నా నడుం కదిలింది. అది నలుగురు మనుషుల పని. ట్రాక్టర్ ముందుకు తీద్దామంటే కాలు చీరుకుపోతుంది. క్యాంపుకు పరిగెత్తి మనుషులను తెచ్చేలోపు ఇనుము తొడ దాకా దిగుతుంది. మిగిలింది ఒకటే. పైపు బిగించాలి, ఇంజిన్ వెయ్యాలి, లిఫ్ట్ లేపాలి.

"బావా, కదలకు."

"యాడికి పోత? బజారుకా?"

ఆ స్థితిలో కూడా! నాకు పోటీ వస్తాడేమోనని భయమేసింది.

మళ్లీ పంపు దగ్గరికి. ఒక చేతిలో టార్చ్, ఒక చేతిలో పైపు. టార్చ్ చంకలో ఇరికించి, జేబులోంచి రింగు తీసి పళ్లతో పట్టుకున్నాను. పైపు చివర తుడిచాను. రింగు వేలి మీదికి తీసుకున్నాను. ఆయిల్ వేళ్లు... జారింది. బుడుంగు మని చప్పుడు కూడా కాలేదు. నల్లటి రింగు, నల్లటి బురద, నల్లటి రాత్రి. తడిమాను. రాయి దొరికింది. నత్తగుల్ల దొరికింది. రింగు దొరకలేదు.

వెనక నుంచి బావ, "దిగుతుందిరా... మోకాలి మీదికొస్తుంది..."

నాకేమైందో తెలియదు. ఏడుపు రావాలి. కోపం వచ్చింది. పైపు పట్టుకుని లేచి ఆ బండి మీద అరిచాను.

"ఓ పాత డబ్బా! నీ ఫిల్టర్ గడిగిన. నట్టు నట్టు తుడిచిన. నా మనిషిని పట్టుకుంటవా? సిగ్గుంటె లే! లేస్తవా లేదా!"

ఇక్కడ కప్పలు అరవడం ఆపేశాయని చెప్తే బాగుంటుంది. ఆపలేదు. మామూలుగానే అరుస్తున్నాయి. ఇంజిన్ ఆగి ఉంది. తాళంచెవి నా చొక్కా జేబులో. పైపు నా చేతిలో.

అప్పుడు... కిర్ర్‌ర్...

టార్చ్ పైకి తిప్పాను. చక్రం పైనుంచి బరువును మోసే లిఫ్ట్ ఆర్ముల కొసలు మాత్రం కనబడుతున్నాయి. లేస్తున్నాయి. పంపు ఎత్తినట్టు కాదు. పంపు ఎత్తితే ఒకే ఊపులో, ఒకే తీరున లేస్తుంది. ఇది... బరువైన మూటను ఎత్తేవాడు ముందు మోకాళ్ల దాకా లేపి, కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ లేపుతాడు చూడండి... అలా. ఆగింది. మళ్లీ లేచింది. నేను పంపు వైపు టార్చ్ కొట్టాను. తెరిచి ఉన్న రంధ్రం. ఒక్క చుక్క ఆయిల్ లేదు. మళ్లీ పైకి కొట్టాను. ఇంకా లేస్తోంది.

నా కాళ్లు ఒకదాన్నొకటి సలహా అడుగుతున్నాయి. ముందుకా, వెనక్కా అని.

"వచ్చింది! కాలు వచ్చింది!" బావ గొంతు. తర్వాత బురదలో పాకుతున్న చప్పుడు. గట్టు ఎక్కిన చప్పుడు.

కల్టివేటర్ ఇంకాసేపు అలాగే నిలబడింది. తర్వాత ధబ్‌మని పడిపోలేదు. మెల్లగా దిగింది. జాగ్రత్తగా దించినట్టు.

నేను గట్టు మీదికి ఎలా చేరానో అడగకండి. చెప్పులు ఆ మడిలోనే ఉన్నాయి, ఇప్పటికి వరి మొలిచి ఉంటుంది. బావను మోపెడ్ మీద కూర్చోబెట్టి తీసుకొచ్చాను. ఆ రాత్రి దమ్ము ముగియలేదు, నీళ్ల వంతు పోయింది, నాట్లవాళ్లు వేరే మడికి పోయారు. పోనీ.

పొద్దున సత్యంగారు బావను చూడటానికి ఇంటికి వచ్చాడు. చదువుకున్న మనిషి కదా, జరిగింది చెప్పి కారణం అడిగాను.

"ఏం లేదయ్యా, నీళ్లు చేరి బురద పొంగుంటుంది. పైకి తోసేసుంటుంది."

"సత్యంగారూ, బురదల ఇనుము తేలుతె నేను షెడ్డు మూసి పడవలు నడుపుకుంట గదా."

"పోనీ లోపల గాలి పట్టుంటుంది."

"పైపే లేదండీ. గాలి యాడ పడ్తది?"

ఆయన కాసేపు ఆలోచించి టీ తాగి వెళ్లిపోయాడు. నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇంతవరకైతే నేను ఏదో ఒకటి కల్పించుకుని సర్దుకునేవాణ్ణే. కానీ ఆయన వెళ్లాక, అక్క బావ కాలికి వేడినీళ్ల కాపడం పెడుతుంటే, బావ నా వైపు తలూపి అన్నాడు.

"గీ పోరడు లేకుంటె నా కాలు పోతుండె. ఒక్కడే లేపిండు తెలుసా?"

"ఎవలు లేపిండ్రు?" అన్నాను.

"నువ్వేరా. బండికీ కల్టివేటర్‌కీ నడుమల దూరి, పట్టీ కింద రెండు చేతులు పెట్టి లేపలేదా? నీ మొకం కనవడలే గని చేతులు సూసిన. మోచేతుల దాంక బురద. వణుకుతున్నయి. అయినా ఇడువలే."

నేను నోరు తెరిచాను. నా రెండు చేతుల్లో ఏమున్నాయో మీకు తెలుసు. ఒక చేతిలో టార్చ్. ఒక చేతిలో పైపు. నేను చక్రానికి ఇటు పక్కన ఉన్నాను.

చెప్పబోయాను. అంతలో అక్క లేచి వచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది. కళ్లకద్దుకుంది. ఆయిల్ ఇంకా పోలేదు, ఆమె రెప్పలకు నల్లగా అంటింది. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో అదొక్కసారే.

తర్వాత నీళ్ల వంతు మళ్లీ వచ్చినప్పుడు ఆ పైపు బిగించడానికి వెళ్లింది నేనే, ఇంకెవరు పోతారు? పట్టపగలు అనుకోకండి. పగలు షెడ్డులో పని. చీకటి పడ్డాకే వెళ్లాను, ఒక్కణ్ణే, కావాలనే. బిగించే ముందు అదే చోట నిలబడి, పైపు చేతిలో పట్టుకుని, అవే తిట్లు అదే గొంతుతో తిట్టాను. "సిగ్గుంటె లే!" అని. లేవలేదు. ఇంకో రెండు కొత్త తిట్లు కలిపాను. ఊహూ. సరే, నీ ఇష్టం అని రింగు వేసి, పైపు బిగించి, మడి మొత్తం దమ్ము కొట్టి వచ్చాను. వెనక్కి తిరిగి చూడలేదా అంటే... చూశాను. ట్రాక్టర్ నడిపేవాడు వెనక్కి చూడాలి, అది పనిలో భాగం.

బావ ఇప్పుడు మీకంటే నాకంటే బాగా నడుస్తాడు. ప్రతి పెళ్లిలో నన్ను నలుగురి ముందు నిలబెట్టి ఈ కథ చెప్తాడు. సిమెంటు బస్తా ఎత్తలేని ఈ చేతులను అందరూ తడిమి చూస్తారు. అక్క మాత్రం ప్రతి దసరాకు జమ్మి ఆకు పెట్టి, నా చేతులకే దండం పెడుతుంది.

ఆ దండం ఎవరికి చేరాలో నాకు తెలియదు. అడగడానికి ఎవరైనా వస్తే ఇచ్చేస్తాను. వచ్చేదాకా నా దగ్గరే ఉంచుకుంటాను.