ఒకటీ ఇరవైకి వచ్చిన ఫోను

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది రాసి ముగించాక కూడా నమ్మబోను. ప్రార్థన మీద విశ్వాసం ఉంది. అంతకు మించి కంటికి కనిపించనివాటితో నాకు పేచీ లేదు, పరిచయమూ లేదు. పదిహేనో ఏట నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా అందులో ఉంటుంది. కింద ఇచ్చిన సమయాలన్నీ ఆ డైరీలోంచి తీసినవే. ఆస్పత్రి పేరు, తేదీ మాత్రం కావాలనే వదిలేస్తున్నాను.

అప్పుడు నేను సిడ్నీలో నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. హారిస్ పార్క్‌లో ఒక గది, అందులో నాతోబాటు గ్రేస్. మాది తెనాలి, ఆమెది నరసాపురం. నాకంటే రెండేళ్ళు చిన్నది.

ఆదివారాలు ఒక అద్దె హాల్లో మన తెలుగువాళ్ళ ఆరాధన జరిగేది. గ్రేస్ రాకముందు రెండేళ్ళపాటు ముందు నిలబడి పాటలు పాడింది నేనే. ఆమె వచ్చిన మూడో ఆదివారం ఒకే ఒక్క పాట పాడింది. వెనక టీ కప్పులు సర్దుతున్నవాళ్ళు కూడా చేతులు ఆపేశారు. నాలుగో ఆదివారం నుంచి మైకు ఆమె ముందుంది, నేను రెండో వరుసలో ఎడమ చివర ఉన్నాను. నన్ను ఎవరూ తప్పుకోమనలేదు. గ్రేసే పక్కకు జరిగి, "నువ్వూ ఇటు రా అక్కా" అని పిలిచేది. అది నాకు మరింత మంటగా ఉండేది.

ఈర్ష్య అన్న మాట ఆ ఏడాది డైరీలో ఎక్కడా లేదు. ఆమె ఏ వారం ఎన్ని పాటలు పాడిందో ఆ లెక్క మాత్రం తప్పకుండా ఉంది.

నవంబరులో గ్రేస్‌కు పిత్తాశయంలో రాళ్ళున్నాయని, ఆపరేషన్ చేయాలని చెప్పారు. ఆస్పత్రివాళ్ళు పంపిన కాగితాలు నేనే నింపాను. నా దస్తూరి బాగుంటుందని ఆమె నాకిచ్చి, మంచం మీద పడుకుని జవాబులు చెప్పింది.

మత్తు ఇచ్చాక ఊపిరి ఆడడానికి గొంతులోకి గొట్టం వేస్తారు. దానివల్ల రాగల ఇబ్బందులు ఒక పేజీలో వరుసగా ఉన్నాయి. గొంతు నొప్పి, పళ్ళకు దెబ్బ, గొంతు బొంగురుపోవడం, అరుదుగా కొందరికి అది చాలాకాలం ఉండిపోవడం. ఆ చివరి మాటలు రెండుసార్లు చదివాను. క్రిస్మస్‌కు ఇంకా ఐదు వారాలుంది. అది కూడా లెక్కవేశాను.

తర్వాతి ప్రశ్న, నోట్లో కదిలే పళ్ళు గానీ క్యాపులు గానీ ఉన్నాయా అని.

గ్రేస్ పై పళ్ళలో ముందుది, కుడివైపుది, చిన్నప్పుడు విరిగింది. దానికి వేయించిన క్యాప్ ఆ నెలలోనే వదులైంది. నాలుకతో నెడితే కదిలేది. సిడ్నీలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

"రాయకక్కా, నీకు దండం పెడతాను. అక్కడ రిసెప్షన్‌లో కూచునేది మన సుశీల ఆంటీయే. ఆదివారానికల్లా హాలంతా నా నోట్లోకే చూస్తది."

"డాక్టర్ అడిగితే?"

"లేదంటాను. ఆపరేషన్ కడుపుకి కదా, పంటితో వాళ్ళకేం పని?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. గొట్టం వేసేటప్పుడు నోట్లో పెట్టే లోహపు పరికరం ముందు పళ్ళకు తగలవచ్చని, వదులుగా ఉన్న క్యాప్ ఊడి శ్వాసనాళంలోకి జారిపోవచ్చని ఆ సెమిస్టర్‌లోనే చదివాను. ఇంకెవరైనా అయి ఉంటే పోట్లాడేదాన్ని. గ్రేస్‌తో పోట్లాడలేదు. ‘లేదు’ అన్న గడిలో గీత పెట్టాను. ఆమె అడిగింది కాబట్టే పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను.

ఆపరేషన్ మంగళవారం, ఒంటిగంటన్నరకు. ఆ రోజే నాకు పరీక్ష, ఒకటి నుంచి మూడు దాకా. 12:45కు హాల్లోకి వెళ్ళాను. ఫోను ఆపేసి సంచిలో పెట్టి, సంచిని అందరితోబాటు గోడవార పెట్టాను. నా బల్ల సంఖ్య 47. మధ్యలో బయటికి వెళ్ళినవాళ్ళ పేరు, సమయం పర్యవేక్షకురాలు రాసుకునేది. నేను వెళ్ళలేదు.

ఒకటీ ఇరవైకి నాకు ఏమీ కాలేదు. ఇది స్పష్టంగా చెప్పాలి. కళ్ళు తిరగలేదు, కునుకు పట్టలేదు. గోడ గడియారం చూశాను. ఇంకా పది నిమిషాలుంది, ఇప్పుడైనా లేచి వెళ్ళి ఫోను చేయవచ్చు అనుకున్నాను. లేస్తే పరీక్ష పోతుంది కదా అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత మూడో ప్రశ్నకు జవాబు మొదలుపెట్టాను.

మూడింటికి ఎవరితోనూ మాట్లాడకుండా రైలెక్కి, 3:52కు ఆస్పత్రి చేరాను. సుశీల ఆంటీ బల్ల వెనకనుంచి లేచి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది.

"బంగారు తల్లీ, నువ్వు ఫోన్ చేయబట్టి సరిపోయింది! ఈ మోకాళ్ళతో థియేటర్ దాకా పరిగెత్తాను. అప్పటికే మత్తు ఇచ్చేశారంట, గొట్టం ఇంకా వేయలేదంట. డాక్టర్ వేలు అలా పెట్టగానే క్యాప్ ఊడి చేతికొచ్చిందంట. గ్రేస్ బాగుందమ్మా, టెన్షన్ పడకు."

నేను ఫోను చేయలేదని చెప్పబోయాను. గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

"ఫోన్లో అంతలా ఏడిస్తే గొంతు పోదూ?" అంది ఆంటీ.

ఏం చెప్పానని గుసగుసగా అడిగాను. ఆవిడ రాసుకున్న చీటీ చూపించింది. సమయం 1:20. నా పేరు. పై పన్ను, ముందుది, కుడివైపు, క్యాప్ వదులు. దాని కింద, ఫారంలో తెలిసే తప్పు రాశానంది, అని ఉంది.

"నేనేనని మీకెలా తెలుసు?"

"బాగుంది! నీ గొంతు నాకు తెలీదా? రెండేళ్ళు మాకు పాడింది నువ్వే కదా."

ఆ నెల ఫోను బిల్లు తెప్పించుకుని చూశాను. మంగళవారం రెండే కాల్స్ ఉన్నాయి, రెండూ ఉదయం పదిలోపు చేసినవి. గ్రేస్ ఆ సమయానికి థియేటర్ లోపల ఉంది, ఆమె ఫోను నర్సుల దగ్గర ఉంది. పన్ను సంగతి మరెవరికైనా చెప్పావా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ లేదంది. నా గొంతు తొమ్మిది రోజులు రాలేదు. యూనివర్సిటీ క్లినిక్‌లో చూసి, జలుబు గానీ వాపు గానీ ఏమీ లేదన్నారు. గ్రేస్‌కు రెండు రోజులు గొంతు నొప్పి, అంతే. సుశీల ఆంటీ ఆ పన్ను గురించి ఈ రోజు వరకు ఎవరితోనూ అనలేదు.

క్రిస్మస్ ఆరాధనలో గ్రేస్ నాలుగు పాటలు పాడింది.

ఇప్పుడామె సిడ్నీలోనే, రౌస్ హిల్‌లో ఉంటుంది. ఏటా ఆ రోజున ఫోను చేస్తుంది.

"నువ్వు లేకపోతే నేనెక్కడున్నానక్కా!"

"ఆ ఫోను నేను చేయలేదే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"చాల్లే అక్కా, మరీ ఇంత మొహమాటమా?"

ఫారం సంగతి ఎత్తితే, రాయొద్దన్నది తానే కదా అంటుంది. ఆ గీత పెట్టేటప్పుడు నా మనసులో ఏముందో ఆమెకు తెలియదు. ఫోనులో మాట్లాడిన మనిషికి తెలుసు.

గ్రేస్ గొంతు మీద నాకు ఈర్ష్య ఎప్పుడో పోయింది. నేను 47వ బల్ల దగ్గర కూర్చుని మూడో ప్రశ్నకు జవాబు రాస్తుండగా, నా పేరుతో, నా గొంతుతో ఏడ్చి, నా తప్పు ఒప్పుకున్నది ఎవరో ఇప్పటికీ తెలియదు. గ్రేస్ ఏటా కృతజ్ఞత చెప్పుకునేది ఆమెకే. ఆమె మీద ఈర్ష్య మాత్రం ఇంకా పోలేదు.