కంప్యూటర్‌కి వర్జ్యం పట్టిన పూట

మా ఇంట్లో కంప్యూటర్ కొన్నది నా చదువు కోసం. అది నడుస్తున్నది మాత్రం మా ఆయన పంచాంగం కోసం. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత జరిగిందంతా మీకు తేలిగ్గా అర్థమవుతుంది. నాకు మాత్రం ఆ రోజు అర్థమయ్యేసరికి ప్రాణం గొంతులోకి వచ్చింది.

ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. రిటైరైన మర్నాటి నుంచే తోచక ఇల్లంతా తిరుగుతూ నా డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు. ఏ డబ్బాలో ఏముందో నాకే తెలియకుండా పోయింది. అప్పుడు దేవుడు పంపినట్టు విశాఖపట్నం నుంచి ఒక చుట్టం వచ్చి, పెన్‌డ్రైవ్‌లో పంచాంగం సాఫ్ట్‌వేర్ ఇచ్చి వెళ్ళాడు. ఊరికే వచ్చే రకం. దాంతో చిక్కేమిటంటే, అది ఈ రోజు తిథి, ఈ రోజు నక్షత్రం, ఈ రోజు వర్జ్యం మాత్రమే చెబుతుంది. ఇంకో రోజుది కావాలంటే కొనుక్కోమంటుంది. మా ఆయన కొనే మనిషా! కూర్చుని ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. మనకి ఏ రోజు కావాలో ఆ రోజునే ‘ఈ రోజు’ చేసేస్తే సరిపోతుంది కదా అని కంప్యూటర్‌లో తేదీ మార్చడం మొదలుపెట్టాడు.

అప్పట్నుంచి మా కంప్యూటర్‌కి కాళ్ళొచ్చాయి. మా ద్వీపాల్లో, డెలానీపూర్‌లో ఎవరో వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకుంటే అది వైశాఖానికి వెళ్ళి చూసొస్తుంది. సిప్పీఘాట్‌లో ఎవరి మనవరాలో పోయిన కార్తీకంలో పుడితే కార్తీకానికి వెళ్తుంది. పైగా ఆ సాఫ్ట్‌వేర్‌లో ఊళ్ళ పేర్లు విశాఖపట్నంతో ఆఖరు. అవతల సముద్రమే. ఆ సముద్రం మధ్యలో ఉన్న మా దగ్గర సూర్యుడు వాళ్ళకంటే ముందే లేస్తాడు కనక, ఈయన గడియారాన్ని కూడా అరగంట పైచిలుకు ముందుకు జరుపుతాడు. దానంతటది టైము సరిచేసుకోకుండా ఆ ఏర్పాటు కూడా ఎప్పుడో తీసిపారేశాడు. పనయ్యాక అన్నీ వెనక్కి తెచ్చి పెట్టేస్తానని ఆయన మాట.

ఇక నా చదువు సంగతి. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. నేను పుట్టింది ఇక్కడే, చదివింది హిందీలో. తెలుగు నోటికి వచ్చేది గానీ చేతికి వచ్చేది కాదు. పెళ్ళయ్యాక ఈయన దగ్గరే అక్షరాలు దిద్దాను. లెక్కల మాస్టారు కదా, తెలుగు కూడా లెక్కల్లాగే నేర్పాడు. ఒక్క వత్తు తప్పితే పేజీ మొత్తం కొట్టేసి ‘మళ్ళీ’ అనేవాడు. ఆ కసి మీదే పట్టుబట్టి, ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో తెలుగు ఎమ్మే కట్టాను. మా ద్వీపాల తెలుగు ఇళ్ళలో మాట్లాడే మాటల మీద ప్రాజెక్టు రాశాను. పరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఆన్‌లైన్‌లో వైవా ఒక్కటే. ఫోన్లో కుదరదు, కంప్యూటర్ ముందే కూర్చోవాలని ముందే చెప్పారు. ‘ఈ వయసులో ఎమ్మే ఏటే, పెసర పచ్చడికి పనికొస్తాదా’ అని మా ఆయన ఏడిపిస్తూనే ఉండేవాడు. నేను పట్టించుకున్నట్టు కనిపించేదాన్ని కాదు గానీ, లోపల గుచ్చుకునేది.

వైవా రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను. పదకొండు గంటలకి నా వంతు. పట్టుచీర కట్టుకున్నాను. నడుం పైన మాత్రమే కనిపిస్తుందని తెలిసీ కుచ్చిళ్ళు పెట్టుకోవడానికే అంత సేపు పట్టింది. కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్ళు పంపిన లింకు నొక్కాను. ఎర్ర గుర్తుతో ఏదో పేజీ వచ్చింది. నేను కళ్ళజోడు సర్దుకునేలోపు మా ఆయన వెనక నుంచి చెయ్యి చాపి దాన్ని మూసేశాడు.

ఆయన్నని లాభం లేదు, ఇది మా ద్వీపాల్లో అందరికీ ఉన్న అలవాటే. సముద్రం అడుగు నుంచి కేబుల్ రాకముందు మా దగ్గర నెట్ చుక్కలు చుక్కలుగా వచ్చేది. కంప్యూటర్ ఏదైనా అడిగితే, పొరపాటున సరే అన్నామా, ఏదో దించుకోవడం మొదలుపెట్టి ఆ వారమంతా నెట్ మింగేసేది. అందుకని ఏ పెట్టె వచ్చినా, ఏ పేజీ వచ్చినా చదవకుండా మూసెయ్యడమే మేం నేర్చుకున్న మొదటి విద్య. ఇప్పుడు నెట్ ఉరుకులు పెడుతోంది. మా వేళ్ళు మాత్రం ఆ పాత రోజుల్లోనే ఉన్నాయి.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎర్ర పేజీ. మళ్ళీ మూసేశాడు.

“నెట్ లేదు,” అన్నాడు.

“నెట్ ఉందండీ. రౌటర్ దీపాలు ఎలుగుతన్నాయి గదా!”

“దీపాలెలిగితే నెట్ ఉన్నట్టేటి?” అని రౌటర్ ఆపాడు, తిప్పి పెట్టాడు, మళ్ళీ వేశాడు. నా ఒళ్ళు మండిపోతోంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. అది లేచేసరికి నా జుట్టు ఒకసారి నెరిసి మళ్ళీ నల్లబడినట్టనిపించింది. లింకు నొక్కితే మళ్ళీ అదే ఎర్ర పేజీ.

మా అరుపులకి పైవాటాలో ఉండే దీదీ దిగొచ్చింది. ఆవిడ ఏ సమస్యకైనా ఒకే మందు చెబుతుంది. చెమ్మ. ఆవిడ లెక్కలో గోడ పగిలినా చెమ్మే, పిల్లలు ఫెయిలైనా చెమ్మే. “అరే, అందర్ సీలన్ ఘుస్ గయా హోగా,” అంటూ లోపలికి చెమ్మ దూరుంటుందని తేల్చేసి, మా బట్టల బీరువాలో బూజు పట్టకుండా వెలిగించి ఉంచే బల్బుని వైరుతో సహా లాక్కొచ్చింది. మా ఆయన కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పాడు. ఇద్దరూ కలిసి బల్బుని లోపల వేలాడదీసి వెలిగించారు. నా ఎమ్మే గుడ్డుని పొదుగుతున్నట్టుంది ఆ వ్యవహారం.

నేను ఈ లోపు మా డైరీ ఫార్మ్ పేటలోనే కంప్యూటర్లు బాగుచేసే భయ్యాకి ఫోన్ చేశాను. చెప్పింది సగం కూడా వినలేదు. “ఫార్మాట్ కర్‌నా పడేగా,” ఫార్మాట్ చెయ్యాల్సిందే అన్నాడు. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచెయ్యడం. నా ప్రాజెక్టుతో సహా. “తుడవడానికి నువ్వు రా, నీ సంగతి చెప్తాను,” అని పెట్టేశాను.

పదకొండు దాటిపోయింది. యూనివర్సిటీ వాళ్ళిచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. అటు ఎవరో కుర్రగొంతు, చాలా మర్యాదగా, “పదకొండున్నర దాకా చూస్తారు మేడమ్. అప్పటికీ రాకపోతే ఆబ్సెంట్ వేసి వచ్చే ఏడాది బ్యాచ్‌లో కలుపుతారండి,” అన్నాడు.

వచ్చే ఏడాది! నేను అన్నం వండుతూ పాఠం వల్లించాను. ఆఫీసులో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని వ్యాకరణం చదివాను. ఇంకో ఏడాది ఆగమంటే ఆగే ఓపిక నాలో లేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టనని నాకు బాగా తెలుసు. నిజంగా ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది. నాకెప్పుడూ ఆ వరసలోనే వస్తాయి.

“లేవండి! ఇద్దరూ లేవండి! హటో!” అని అరిచాను. “బల్బు తియ్యండి. ఎవరైనా ఆ మౌస్ ముట్టుకున్నారంటే వేళ్ళు ఇరుస్తాను.”

దీదీ వెలుగుతున్న బల్బుని అలాగే బయటికి లాగింది. ఇద్దరూ గోడకి అతుక్కున్నారు. నేను కూర్చుని లింకు నొక్కాను. ఎర్ర పేజీ వచ్చింది. మా ఆయన చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. దాని మీద ఒక్కటిచ్చాను.

తర్వాత, అంతసేపట్నుంచి ఇంట్లో ఎవరూ చెయ్యని పని చేశాను. ఆ పేజీ మీద ఏం రాసి ఉందో చదివాను. అదేమీ వైరస్ కాదు, చెమ్మ కాదు. చాలా సాదా ఇంగ్లీషులో, మీ గడియారం ముందుకి వెళ్ళిపోయింది, తేదీ సరిచూసుకోండి, అంతవరకూ ఈ సైటు తెరవడం కుదరదు అని రాసి ఉంది. పాపం, అది పొద్దున్నుంచీ చెబుతూనే ఉంది. మేమే దాని నోరు నొక్కేస్తున్నాం.

తెర మూల తేదీ చూశాను. ఫిబ్రవరి నెల. మేమింకా వినాయకుణ్ణి నీళ్ళలో కలిపి వారం కాలేదు.

“ఏటండీ ఇది?” అన్నాను, చాలా నెమ్మదిగా. నేను నెమ్మదిగా మాట్లాడితే మా ఇంట్లో పిల్లి కూడా మంచం కిందికి పోతుంది.

ఆయన వంగి చూశాడు. నాలిక కరుచుకున్నాడు. “అయ్యో. మాఘమాసంలో ఉండిపోయింది.”

“ఉండిపోయిందా? బస్సు తప్పిపోయిందా దానికి? మీరు వదిలేసొచ్చారా?”

ఆయన గబగబా తేదీ వెనక్కి తెచ్చాడు. విశాఖపట్నం కంటే ముందే లేచే మా సూర్యుడి కోసం జరిపిన అరగంటని కూడా వెనక్కి జరిపాడు. నేను లింకు నొక్కాను. తెర మీద ముగ్గురు మనుషులు ప్రత్యక్షమయ్యారు. పదకొండున్నర ఇంకా కాలేదు. దేవుడా అనుకున్నాను.

మధ్యలో కూర్చున్న మేడమ్, “ఏమ్మా, ఆలస్యమైందేం?” అంది.

కరెంటు పోయిందని చెప్పొచ్చు. మా ఊళ్ళో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. కానీ నోరు ఆగలేదు. “మా ఆయన కంప్యూటర్‌ని మాఘమాసానికి తీసుకెళ్ళి అక్కడే మరిచిపోయి వచ్చాడండీ,” అని మొత్తం చెప్పేశాను. బల్బు సంగతి కూడా. పక్కనున్న కళ్ళజోడాయన నవ్వాపుకోలేక కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“సరే, మీ ఇళ్ళలో తెలుగూ హిందీ ఎలా కలుస్తాయో ఒక ఉదాహరణ చెప్పండి,” అంది మేడమ్.

నేను చెప్పే లోపే వెనక నుంచి మా ఆయన కేక వేశాడు. “దీదీ, జల్దీ స్విచ్ బంద్ కరో, వైరు కాలిపోతంది!”

“ఇదేనండీ,” అన్నాను.

ఈసారి ముగ్గురూ నవ్వారు. కానీ కళ్ళజోడాయన అంతలోనే సర్దుకుని, ఇదంతా తెలుగు పాడైపోవడం కాదా అని అడిగాడు. అదీ అసలు ప్రశ్న. నేను రాత్రిళ్ళు వల్లించిన జవాబు ఒక్క ముక్క గుర్తురాలేదు. ఎదుట ఉన్నది పరీక్ష చేసేవాళ్ళని కూడా మరిచిపోయాను.

“పాడైతే వాళ్ళిద్దరికీ ఎలా అర్థమైందండీ? దీదీకి తెలుగు రాదు, మా ఆయన హిందీ మీరే విన్నారు. అయినా వైరు కాలకుండా ఆపారు. మా అమ్మ బజారులో హిందీ మాట్లాడి వచ్చి, మమ్మల్ని తెలుగులో తిట్టేది. ఆ తిట్లలో కూడా హిందీ ఉండేది. అది పాడైన తెలుగని మీరంటే నేనొప్పుకోను. నాకున్నది అదే. దాన్ని పట్టుకునే మీ దాకా వచ్చాను.”

అయిపోయింది, పరీక్షాధికారితో పోట్లాట పెట్టుకున్నాను అనుకున్నాను. ఆయన కాసేపు నా ప్రాజెక్టు తిరగేశాడు. “ఈ మాట ఇందులో రాయలేదేమమ్మా? రాయాల్సింది,” అన్నాడు. మేడమ్ నవ్వుతూ, “ఫలితం పద్ధతి ప్రకారం వస్తుంది. మీరు మాత్రం నిశ్చింతగా ఉండండి,” అంది.

తెర ఆరిపోయాక అలాగే కూర్చుండిపోయాను. దీదీ నా బుగ్గలు రెండూ పట్టుకుని గుంజి, మిఠాయి చేస్తానని పైకి వెళ్ళింది. మా ఆయన బల్బు వైరు చుట్టుకుంటూ నా వైపు చూడకుండా నిలబడ్డాడు. ఇక మొదలుపెట్టాను.

“చెప్పండి. నా వైవా రోజు పొద్దున్నే, కొంప మునిగినట్టు, మాఘంలో ఎవరి పెళ్ళికి ముహూర్తం వెతికారు?”

“పెళ్ళి కాదు.”

“మరేటి?”

“పట్టాలిచ్చేది మాఘంలోనే గదా. యూనివర్సిటీ ఉన్న ఊరు ఎళ్ళాలి గదా మనం. ప్రయాణానికి మంచిరోజు సూసాను.”

నాకు వెంటనే తలకెక్కలేదు. “ఎవరి పట్టా?”

“నీదే. ఇంకెవరిది?”

“నేనింకా వైవాకి కూసోనేలేదు గదా అప్పటికి!”

“అయితే ఏటి?” అన్నాడు, రెండూ రెండూ నాలుగు ఎందుకయ్యాయని అడిగిన పిల్లవాడిని చూసినట్టు చూస్తూ.

తిట్టడానికి పొద్దున్నుంచీ కూడబెట్టుకున్నవన్నీ ఎటుపోయాయో పోయాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ముగ్గురు పరీక్షాధికారులు నవ్వి చెప్పిన దానికంటే ఈ మనిషి మొహం పక్కకి తిప్పుకుని చెప్పింది ఎక్కువనిపించింది. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే మళ్ళీ పెసర పచ్చడి దగ్గరికి వస్తాడు.

“దొరికిందా మంచిరోజు?” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“దొరికింది. ఆ రోజుకి షిప్ ఉంటాదో ఉండదో అని ఇంకోటి కూడా సూద్దామనుకున్నాను. ఈలోపు టీ సల్లారిపోతందని నువ్వే వంటింట్లోంచి అరిసావు. లేసి వచ్చేసాను.”

“అంటే దాన్ని మాఘంలో వదిలేసింది నేనన్నమాట.”

“మరి?” అన్నాడాయన.